ముందు కోతనా, ముందు కీమోనా?

మా వీధిలో ఇదివరకు నన్ను "కండెల అక్క" అనేవాళ్లు. ఇప్పుడు ఎవరింట్లో ఏ ఆడమనిషికి రొమ్ములో గడ్డ కనబడినా చీకటి పడ్డాక కొంగు కప్పుకొని మా గడప మీదికి వచ్చి కూర్చుంటుంది. చాయ్ తాగేదాకా ఏమీ మాట్లాడదు. గ్లాసు కింద పెట్టి, అటూ ఇటూ చూసి, మెల్లగా అడుగుతుంది: "అక్కా, నీకు ముందు ఆపరేషన్ చేసిన్రా, ముందు కీమో ఇచ్చిన్రా?"

నాకు ముందు కీమో ఇచ్చారు. మా పక్కింటి వదినకు ముందు ఆపరేషన్ చేశారు. ఇద్దరం బాగున్నాం. ఇద్దరం పొద్దున్నే నల్లా దగ్గర బిందెలు పట్టుకొని నిలబడుతున్నాం. అది చూసి వచ్చినవాళ్లు తికమక పడతారు. "ఆమెకట్ల, నీకిట్ల ఎందుకు? ఎవరిది కరెక్టు?" అని.

ఒక్కొక్కరికీ చెప్పే బదులు, ఈ పత్రిక మన ఇళ్లన్నింటికీ వస్తుంది కదా, ఒకసారి రాసి పెడదామని కూర్చున్నాను. నేను చదివింది సోలాపూర్‌లో తెలుగు బడిలో నాలుగో తరగతి వరకే. డాక్టరును కాను. నాకు జరిగింది, నేను అడిగి తెలుసుకున్నది రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.

భోగి నాడు తగిలిన గడ్డ

2023 భోగి నాడు తలస్నానం చేస్తుంటే ఎడమ రొమ్ము పైభాగంలో గట్టిగా ఏదో తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టే ఏం కాదనుకున్నాను. అక్కల్‌కోట్ రోడ్డులో టవళ్ల కార్ఖానాలో 27 ఏళ్లు కండెలు చుట్టిన చేతులు ఇవి. నూలులో వెంట్రుకంత ముడి ఉన్నా వేళ్లకు తెలిసిపోతుంది. అలాంటి వేళ్లకు తగిలినదాన్ని నెల రోజులకు పైగా కొంగు కింద దాచిపెట్టాను. సిద్ధేశ్వరుని జాతర అయిపోయింది, శివరాత్రి వచ్చింది. "ఈ వయసులో ఈ మాట కొడుకుతోని ఎట్ల చెప్పాలె" అని సిగ్గు.

చివరికి కోడలే కనిపెట్టింది. జాకెట్టు మార్చుకుంటుంటే చూసి, "అత్తమ్మా, అక్కడ తోలు లోపలికి గుంజినట్టుంది ఏంది?" అన్నది. చెయ్యి పెట్టి చూసి మళ్లీ ఏమీ అనలేదు. ఆ సాయంత్రమే మా పెద్దోడికి చెప్పింది.

మరుసటి రోజు ఒక నర్సింగ్ హోముకు పోయాం. అక్కడి డాక్టరు చేత్తో నొక్కి చూశాడు, ఒక సోనోగ్రఫీ తీయించాడు. "ఇది మంచి గడ్డ కాదు. ఎల్లుండి బేస్తవారం ఖాళీ ఉంది, రొమ్ము మొత్తం తీసేద్దాం. 60,000 కట్టండి" అన్నాడు. మా పెద్దోడు వెంటనే సరే అన్నాడు. మా ఆయన కూడా సరే అన్నాడు. నిజం చెప్పాలంటే నేనూ సరే అన్నాను. ఇంట్లో పాము దూరితే దాన్ని బయట పారేసేదాకా నిద్ర పడుతుందా? నాకూ అట్లనే అనిపించింది. ఒక్క రాత్రి కూడా అది నా ఒంట్లో ఉండొద్దు.

అడ్డం పడింది కోడలు. బీడీలు చుట్టే పిల్ల, ఎక్కువ మాట్లాడదు. ఆ రోజు మాత్రం గట్టిగా అన్నది: "ముక్క పరీక్ష చెయ్యకుండ ఎట్ల కోస్తరు? మా మేనత్తకు భివండీల గిట్లనే గడ్డ తీసేసిన్రు. తర్వాత పెద్ద దవాఖానల అడిగితే అది ఏ జాతిదో, ఎంతుండెనో చెప్పేటోళ్లు లేరు. తీసిన ముక్క కూడ ఎవరూ దాచిపెట్టలే. మందు ఏది ఇయ్యాలెనో తెల్వక వాళ్లు తల పట్టుకున్నరు."

ఆ మాటతో బేస్తవారం ఆపరేషన్ ఆగిపోయింది. మా పెద్దోడికి కోపం వచ్చింది. "అవ్వకు ఏమన్న అయితే నీదే బాధ్యత" అని పెండ్లాం మీద అరిచాడు. ఇంట్లో రెండు రోజులు ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్

మన జిల్లాలోనే బార్శీలో నర్గీస్ దత్ పేరు మీద క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. దగ్గర కావాలనుకునేవాళ్లు అక్కడికి పోతారు. మాకు ముంబైలో మా మరది ఇల్లు ఉంది కాబట్టి సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రికి రాత్రి బయలుదేరి పరేల్‌లో టాటా మెమోరియల్ ఆసుపత్రికి పోయాం. 1941లో కట్టిన ఆసుపత్రి అది. చుట్టుపక్కల వీధులన్నీ ఒకప్పుడు మిల్లులే. మా చిన్నాయన 1982 సమ్మె దాకా అక్కడే ఒక మిల్లులో సాంచాల మీద పనిచేశాడు. చిన్నప్పుడు ఆయన డబ్బా పట్టుకొని నడిచిన తోవలోనే ఇప్పుడు నా ఫైలు పట్టుకొని నడిచాను.

అక్కడ వరుసలు పెద్దవి. పరీక్షలకు రెండు వారాలు పట్టింది. ముందు మామోగ్రఫీ. తర్వాత మందు ఇచ్చి తిమ్మిరెక్కించి, తుపాకీ గుర్రంలా టక్కుమనే సూదితో గడ్డలోంచి సన్నటి ముక్కలు తీశారు. దాన్నే బయాప్సీ అంటారు. చంకలో తగిలే గడ్డలోంచి కూడా సూదితో తీశారు. "సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుంది" అని మన దగ్గర అంటారు కదా, నేను అదే అడిగాను. డాక్టరమ్మ నవ్వింది. "మావషీ, ఘాబరూ నకా. సూది వల్ల పాకదు. సూది వేయకపోతే మేం గుడ్డివాళ్ల లెక్క పనిచెయ్యాలి" అన్నది. ఆమె మరాఠీలో చెప్పింది, నేను మన మాటలో రాస్తున్నాను.

ఆ ముక్కల మీద ఇంకో పరీక్ష చేస్తారు. మూడు సంగతులు చూస్తారు: ఈ.ఆర్., పీ.ఆర్., హెర్-టూ. మొదటి రెండూ ఉంటే ఆ గడ్డ ఆడవాళ్ల హార్మోన్ తిని పెరిగే రకం. మూడోది ఉంటే దానికి వేరే ప్రత్యేక మందు ఉంది. మూడూ లేకపోతే అది మొండి రకం, దానికి కీమోనే ముఖ్యం. గడ్డ పెద్దది, చంకలోకి పోయింది కాబట్టి నాకు ఊపిరితిత్తులు, కాలేయం, ఎముకలు కూడా స్కాన్ చేసి చూశారు. ఇంకెక్కడికీ పాకలేదని తేలింది. పాకి ఉంటే ఈ ముందు వెనుకల ప్రశ్నే వేరుగా ఉండేదట. అప్పుడు మందే ప్రధానం, కోతకు తొందర ఉండదు.

నా లెక్క తేలింది: గడ్డ 5 సెంటీమీటర్లు దాటింది. చంకలో గడ్డలు ఒకదానికొకటి అంటుకొని ఉన్నాయి. హార్మోన్ రకం. హెర్-టూ లేదు. "ముందు కీమో, తర్వాత ఆపరేషన్" అని పెద్ద డాక్టర్లందరూ కూర్చొని నిర్ణయించారు.

"లోపలే ఉంచి పెంచుతరా?"

నాకు కాళ్లు వణికాయి. "అయిదారు నెలలు దీన్ని లోపలే ఉంచుతరా? అంతలోపల పాకితే?" అని అడిగాను. మా పెద్దోడు కూడా అదే అన్నాడు, కొంచెం గట్టిగా. డాక్టరమ్మ ఒక కాగితం తీసుకొని బొమ్మ గీసింది. ఆమె చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది.

మొదటి మాట: మందు అదే, దాని బలం అదే. ముందు ఇచ్చినా వెనుక ఇచ్చినా ప్రాణం నిలబెట్టే లెక్క ఒకటే. అమెరికాలో 1988 నుంచి 1993 దాకా 1,500 మందికి పైగా ఆడవాళ్లను రెండు గుంపులు చేశారట. ఒక గుంపుకు ముందు ఆపరేషన్, ఒక గుంపుకు ముందు కీమో. ఏళ్ల తరబడి వాళ్లను చూస్తూ వచ్చారు. బతికినవాళ్ల లెక్కలో తేడా రాలేదు. తేడా ఎక్కడ వచ్చిందంటే, ముందు ఆపరేషన్ గుంపులో 100కి 60 మందికి రొమ్ము మొత్తం తీయకుండా గడ్డవరకే తీయగలిగారు, ముందు కీమో గుంపులో 67, 68 మందికి అట్లా చేయగలిగారు.

రెండో మాట: గడ్డ పెద్దదైనా, తోలుకో ఛాతీకో అంటుకున్నా, చంకలో గడ్డలు ముద్దకట్టినా ముందు కోస్తే మొత్తం రాదు. ఏదో ఒక మూల మిగిలిపోతుంది. ముందు మందుతో కుదించి తర్వాత కోస్తే శుభ్రంగా వస్తుంది.

నాకు ఈ మాట వెంటనే అర్థమైంది. కార్ఖానాలో నూలు చిక్కు పడితే మనం ఏం చేస్తాం? చిన్న చిక్కయితే కత్తిరించి ముడి వేసి మిషన్ నడిపిస్తాం. పెద్ద చిక్కయితే కత్తెర పెట్టం. పెడితే మొత్తం పోగు పాడవుతుంది. ముందు వదులు చేస్తాం, తర్వాత తీస్తాం.

మూడో మాట: లోపల ఉంచి మర్చిపోరు. ప్రతిసారీ చేత్తో కొలిచి రాసుకుంటారు, మధ్యలో సోనోగ్రఫీ తీస్తారు. మందుకు లొంగకపోతే, పెరుగుతున్నట్టు కనబడితే, మందు మారుస్తారు, లేదంటే కీమో ఆపి ఆపరేషన్‌కు తీసుకుంటారు. కీమో మొదలుపెట్టే ముందే గడ్డ నడుమ చిన్న లోహపు గుర్తు పెట్టారు. గడ్డ కరిగి కనబడకుండా పోతే, తర్వాత ఎక్కడ కోయాలో తెలియడానికట. అప్పుడు నమ్మబుద్ధి కాలేదు. ఇంత రాయిలాంటి గడ్డ కనబడకుండా పోతుందా అని.

వదినకు ఎందుకు ముందు ఆపరేషన్?

ఇప్పుడు మా వదిన సంగతి. నా ఆరోగ్యం చూసినాక మా వీధిలో ఆడవాళ్లు నెలకోసారి తమ రొమ్ములు తాము తడిమి చూసుకోవడం మొదలుపెట్టారు. పోయినేడాది వదినకు బఠానీ గింజకంటే కొంచెం పెద్దది తగిలింది. నా లెక్క నెల రోజులు దాచలేదు, మూడో రోజే మా ఇంటికి వచ్చింది. పరీక్షల్లో ఒకటిన్నర సెంటీమీటరు అని తేలింది. చంకలో ఏమీ లేదు. ఆమెది కూడా హార్మోన్ రకమే, నెమ్మదిగా పెరిగేది.

ఆమెకు ముందు ఆపరేషన్ అన్నారు. గడ్డవరకే తీశారు. చంకలో మొదటి కాపలాదారు గ్రంథులు రెండు మూడు మాత్రమే తీసి చూశారు, శుభ్రంగా ఉన్నాయి. తీసిన గడ్డను పూర్తిగా పరీక్ష చేసినాక డాక్టరు చెప్పాడు: "మీకు కీమో అవసరం లేదు. లైటు ఇప్పించుకోండి, మాత్రలు అయిదేళ్లు వేసుకోండి." మన వాళ్లు రేడియేషన్‌ను లైటు అంటారు కదా, అదే.

చూడండి, ఈమెకు భయంతో ముందే కీమో ఇచ్చి ఉంటే అవసరం లేని కష్టమంతా పడి ఉండేది. నాకు తొందరపడి ముందే కోసి ఉంటే సగం మిగిలిపోయి ఉండేది. "ఎవరిది కరెక్టు" అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇదే: ఇద్దరివీ కరెక్టే. గడ్డ ఎంత, చంకలో ఉందా, ఏ రకం? ఈ మూడూ తేలకుండా ముందేది వెనుకేది అని చెప్పేవాళ్లను నమ్మొద్దు.

చిన్న గడ్డయినా ముందు కీమో ఇచ్చే సందర్భం కూడా ఒకటుంది. దాదర్‌లో గాడ్గే మహారాజ్ ధర్మశాలలో నా పక్కన సూరత్ నుంచి వచ్చిన మన తెలుగు పిల్ల ఉండేది. 34 ఏళ్లు. గడ్డ 3 సెంటీమీటర్లే. కానీ మూడూ లేని మొండి రకం. ఆమెకు ముందు కీమో ఇచ్చారు. ఈ రకంలోనూ, హెర్-టూ ఉన్న రకంలోనూ మందుకు గడ్డ ఎంత కరిగిందో చూస్తే, ఆపరేషన్ తర్వాత ఇంకే మందు ఇవ్వాలో తెలుస్తుందట. గడ్డను ముందే తీసేస్తే మందు పనిచేస్తోందా లేదా చూడడానికి ఏమీ ఉండదు. చిన్న వయసు కాబట్టి ఆ పిల్లకు రక్తంలో జీన్ పరీక్ష కూడా రాశారు. అక్కాచెల్లెళ్లకు, కూతుళ్లకు కూడా వచ్చే అవకాశం ఉందా అని తెలుసుకోవడానికి.

మరీ పెద్ద వయసువాళ్లకు, గుండె బలహీనంగా ఉండి కీమో తట్టుకోలేనివాళ్లకు, హార్మోన్ రకమైతే ముందు కొన్ని నెలలు మాత్రలే ఇచ్చి గడ్డను కుదించడం కూడా ఉందని అక్కడే విన్నాను.

అయిదున్నర నెలలు

ఏం మందు, ఎన్నిసార్లు అన్నది ముంబైలో రాసిచ్చారు. కీమో మాత్రం సోలాపూర్‌లోనే ఎక్కించుకున్నాను. మొదట గుండెకు ఎకో తీశారు. 21 రోజులకొకటి చొప్పున నాలుగుసార్లు ఎర్ర మందు. అది ఎక్కినాక మూత్రం కూడా ఎర్రగా వస్తుంది, రక్తమనుకొని భయపడొద్దు. తర్వాత వారానికొకటి చొప్పున 12 సార్లు ఇంకో మందు.

దాచకుండా రాస్తాను. మూడో వారంలో జుట్టు దువ్వెనకు గుత్తులుగా వచ్చింది. మా ఆయన ఏమీ అనకుండా మంగలిని ఇంటికే పిలుచుకొచ్చి, ముందు తాను గుండు చేయించుకున్నాడు. నోరు పూసింది. మన సోలాపూర్ శేంగా చట్నీ లేనిదే నాకు ముద్ద దిగదు, ఆ నాలుగు నెలలు కన్నెత్తి చూడలేదు. అంబలి, పెరుగన్నం, మెత్తటి పప్పు. వారం వారం మందులో వేళ్ల కొనలు మొద్దుబారాయి. ఎడమ బొటనవేలు ఇప్పటికీ కొంచెం అట్లనే ఉంది.

రెండోసారి ఎక్కించిన పదో రోజు అర్ధరాత్రి జ్వరం వచ్చింది. 101. మా పెద్దోడు "క్రోసిన్ వేసి పొద్దున చూద్దాం" అన్నాడు. కోడలు కాగితం తెచ్చి చూపించింది. 100.4 దాటితే ఆ గంటలోనే ఆసుపత్రికి రావాలి అని రాసి ఉంది. కీమోలో తెల్ల కణాలు పడిపోతాయి, మామూలు జ్వరం కూడా ప్రాణం మీదికి తెస్తుంది. ఆటోలో పోయాం, నాలుగు రోజులు ఉంచుకున్నారు. ఆ రోజు నుంచి మా పెద్దోడు కోడలి మాటకు ఎదురు చెప్పలేదు.

గడ్డ మాత్రం కరిగింది. మూడోసారికి సగమైంది. ఆషాఢం వచ్చేసరికి వెతికితే గానీ దొరకలేదు. శ్రావణంలో నా వేళ్లకే తగలలేదు.

నూలు పున్నమి నాడు

అసలు పరీక్ష అప్పుడు వచ్చింది. కీమో అయిపోయింది, ఆపరేషన్‌కు సెప్టెంబర్‌లో తారీఖు ఇచ్చారు. నడుమ నూలు పున్నమి. మగవాళ్లు జంధ్యాలు మార్చుకున్నారు, మార్కండేయ స్వామి రథం ఊరేగింది. మా అన్న వచ్చాడు, రాఖీ కట్టాను. ఇంటినిండా చుట్టాలు.

అన్న అన్నాడు: "గడ్డ లేదు గద చెల్లె. కరిగింది గద. ఇంక కోయించుకునుడు ఎందుకు? పైసలు దండుగ, పానానికి తిప్పలు." మా ఆయన కూడా తల ఊపాడు. "మందు పనిచేసిందని డాక్టరే చెప్పిండు" అన్నాడు. నాక్కూడా లోపల ఆశ పుట్టింది. కోత లేకుండా పోతే ఎవరికి చేదు? ఆ రాత్రి పోవొద్దనే అనుకొని పడుకున్నాను.

కానీ నిద్ర పట్టలేదు. కార్ఖానాలో నా పక్క మిషన్ మీద పనిచేసిన చెల్లెలు ఒకామె ఉండేది. నాకంటే నాలుగేళ్లు ముందు ఆమెకు ఇదే రోగం, ఇదే వరుస, ముందు కీమో. ఆమెకు కూడా గడ్డ కరిగింది. ఇంట్లోవాళ్లు ఇవే మాటలు అన్నారు. ఆపరేషన్‌కు పోలేదు. ఎవరో నాటు మందు ఇచ్చారు, బాగుందన్నది, మళ్లీ పనికి కూడా వచ్చింది. ఏడాదిన్నరకు నడుము నొప్పి అన్నది. ఎముకల్లోకి పోయింది. మేమందరం ఆమె దహనానికి పోయి వచ్చాం. చిన్న పిల్లలు.

పొద్దున లేచి డాక్టరమ్మకు ఫోన్ చేయించాను. ఆమె ఒకటే చెప్పింది: "మావషీ, చేతికి తగలకపోవడం వేరు, లేకపోవడం వేరు. కోసి చూస్తేనే తెలుస్తుంది. కీమో సగం పని. ఆపరేషన్, రేడియేషన్ మిగతా సగం." నేను మా అన్నతో చెప్పాను: "రాఖీ కట్టించుకున్నవు గద, దానికి బదులు నాతోని ముంబై దాకా రా." వచ్చాడు.

ఇంకో మాట తేల్చుకోవలసి వచ్చింది. గడ్డ కుదిరింది కాబట్టి రొమ్ము ఉంచి గడ్డ ఉన్న చోటు మాత్రం తీయొచ్చు, లేదా మొత్తం తీయొచ్చు, మీ ఇష్టం అన్నారు. రేడియేషన్ నాకు ఎట్లయినా తప్పదు. మా పెద్దోడు మంచి మనసుతోనే అన్నాడు, "ఈ వయసుల అది ఉంటె ఎంత, పోతె ఎంత అవ్వా? మొత్తం తీయించుకో, భయం పోతది." రెండిటికీ ప్రాణం లెక్క ఒకటే కదా అని డాక్టరమ్మను రెండుసార్లు అడిగాను. నాలాంటి దాంట్లో ఒకటే అన్నది. అప్పుడు వాడితో చెప్పాను, "నీకు పాలిచ్చింది బిడ్డా. తీయక తప్పదంటె తీయించుకుందును. తప్పుతదంటె ఎందుకు తీయించుకోవాలె?" వాడు బయటికి పోయి చాలాసేపు రాలేదు.

ఆపరేషన్ అయింది. చంకలో గ్రంథులన్నీ తీశారు. రిపోర్టు వచ్చింది. నా వేళ్లకు తగలని చోట లోపల ఇంకా 1 సెంటీమీటరు రోగం మిగిలి ఉంది. తీసిన 17 గ్రంథుల్లో రెండిట్లో ఉంది. ఆ కాగితం మా అన్న చేతికిచ్చి చదవమన్నాను. చదివి మడిచి నా చేతిలో పెట్టి, నా తల మీద చెయ్యి వేశాడు.

తర్వాత 15 రోజులు రేడియేషన్. దీపావళికి ఇంటికి వచ్చాను. ఇప్పుడు రోజుకొక మాత్ర. ఆరు నెలలకోసారి చూపించుకుంటున్నాను. చంకలో గ్రంథులు తీసినవాళ్లకు చెయ్యి వాచే ప్రమాదం ఉంటుంది. అందుకే గోడ మీద వేళ్లతో పైకి ఎక్కే వ్యాయామం రోజూ చేస్తాను. ఎడమ చేతికి సూదులు, బీపీ పట్టా వేయనివ్వను.

పైసల సంగతి, అడగాల్సిన సంగతులు

మహారాష్ట్రలో ఉన్నవాళ్లకు మహాత్మా ఫులే జన్ ఆరోగ్య యోజన ఉంది. రేషన్ కార్డు, ఆధార్ పట్టుకొని పోండి. అందులో చేరిన ఆసుపత్రి అవునో కాదో ముందే అడగండి. వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు ఆయుష్మాన్ కార్డు సంగతి అడగండి. క్యాన్సర్ చికిత్సకు పోయే రోగికి రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్ పూర్తిగా మాఫీ, తోడుపోయేవాళ్లకు మూడొంతులు మాఫీ. దానికి ఆసుపత్రి వాళ్లు ఫారం రాసిస్తారు. పెద్ద ఆసుపత్రుల్లో సోషల్ వర్కర్ అని కూర్చుంటారు. సిగ్గుపడకుండా ముందు వాళ్ల దగ్గరికి పోండి.

డాక్టరు ముందు కూర్చుంటే మాటలు మర్చిపోతాం. ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకొని పోండి:

1. బయాప్సీ అయిందా? ఈ.ఆర్., పీ.ఆర్., హెర్-టూ ఏం వచ్చాయి?
2. గడ్డ ఎన్ని సెంటీమీటర్లు? చంకలో ఉందా?
3. నాకు ముందు ఏది అంటున్నారు? ఎందుకు? రెండోది ముందు చేస్తే నాకు ఏం తేడా?
4. ముందు కీమో అయితే, గడ్డలో గుర్తు పెడతారా? లొంగకపోతే ఏం చేస్తారు?
5. ముందు ఆపరేషన్ అయితే, రొమ్ము ఉంచగలరా? తీసిన ముక్క పూర్తి రిపోర్టు నాకు ఇస్తారా?
6. మొత్తం ఎన్ని నెలలు, ఎక్కడెక్కడ, కార్డు మీద ఏమేం వస్తాయి?

పరీక్షలకు రెండు మూడు వారాలు పోయినా నష్టం లేదు. ఆ భయంతో కత్తికి ఎదురు పోవద్దు. నెలల తరబడి మాత్రం ఆగొద్దు. రిపోర్టులు, సినిమాలు, ముక్క దిమ్మెలు అన్నీ మీవే, అడిగి తెచ్చుకొని ఒక సంచిలో పెట్టండి.

చివరగా ఒక మాట. ముంబై బస్తీల్లో టాటా వాళ్లు 1998 నుంచి 35–64 ఏళ్ల ఆడవాళ్లు లక్షా యాభై వేల మందితో ఒక పెద్ద పని చేశారు. శిక్షణ ఇచ్చిన ఆడ కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో రొమ్ములు పరీక్ష చేసిన బస్తీల్లో, 50 దాటిన ఆడవాళ్లలో ఈ రోగంతో పోయేవాళ్లు దాదాపు 100కి 30 తగ్గారట. మిషన్ లేదు, సూది లేదు, చేతులే. మన ఆడవాళ్ల వేళ్లు నూలులో వెంట్రుకంత ముడిని పడతాయి. వాటిని మన ఒంటి మీద కూడా పెట్టి చూసుకోవాలి. తగిలితే నా లెక్క దాచుకోవద్దు.

నిన్న రాత్రి కూడా ఒక చెల్లెలు వచ్చింది. చాయ్ తాగి, అదే అడిగింది. ఆమె సంచిలో సోనోగ్రఫీ కాగితం ఒక్కటే ఉంది. "ముందు కీమోనా, ముందు కోతనా అనేది తర్వాత చూద్దాం, ముందు ముక్క పరీక్ష" అన్నాను. సోమవారం పొద్దున్న బస్సుకు నేను, మా కోడలు ఆమెతో పోతున్నాం.